తొమ్మిది పదికి గుడ్లగూబ

జూన్ 2, సోమవారం

ఇవాళ గుడ్లగూబ జోలికి పోలేదు.

జూన్ 3, మంగళవారం

పోయాను. బల్ల దుమ్ము దులుపుతుంటే మౌసు తగిలి అదే తెరుచుకుంది. నా తప్పేం లేదు.

జూన్ 5, గురువారం

షాపులో పాడైపోయిన ప్రింటు కాగితాలు దొంతరగా పడున్నాయి. వాటి వెనక రాస్తున్నాను. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసినదాన్ని, నలభై ఏడేళ్ళొచ్చాక కూర్చుని డైరీ రాస్తున్నానంటే వదిన పొట్ట పట్టుకుని నవ్వుతుంది. నవ్వదులే. నాతో మాట్లాడి రెండు నెలలు దాటింది.

ఇవాళ డ్రిల్లు మాస్టారొచ్చారు. కళ్ళజోడు సర్దుకుని కంప్యూటర్ తెర మీదికి వంగారు.

“అమ్మాయ్, నా పేరు దగ్గర ఈ గొడుగు బొమ్మ ఎందుకు పెట్టారు?”

“మీరు తడిసిపోకుండా మాస్టారూ.”

“అలాక్కాదు. మొదట్నించీ చెప్పు.”

ఆయనకి అంతా తెలుసు. అయినా వచ్చినప్పుడల్లా చెప్పించుకుంటారు. ఇదివరకు వదిన చెప్పేది, ఈయన పక్కన కూర్చుని తాళం వేసేవారు. ఇప్పుడు చెప్పేదాన్ని నేనే మిగిలాను.

మూడేళ్ళ క్రితం సంగతి. మా షాపులో ఆన్‌లైన్ ఫారాలు నింపడానికి ఎవరొచ్చినా ఒకటే బ్రౌజరు, అందరికీ కలిపి ఒకటే సత్రం. దర్జీగారి కోడలికి ఆసుపత్రి చీటీ తీశాను. అమ్మాయికి ఆరో నెల. ఆ లాగిన్ మూసెయ్యడం మర్చిపోయి, అందులోనే మాస్టారి కంటి పరీక్షకి రాసేశాను. వారం తిరిగేసరికి గర్భిణుల వార్డుకి రమ్మని మాస్టారికి కబురొచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, ఆడవాళ్ళ మధ్య బెంచీ మీద గంటసేపు బుద్ధిగా కూర్చున్నారట.

“నర్సు ‘ఎన్నో నెల?’ అంది. రిటైరై తొమ్మిదో నెలమ్మా అన్నాను,” అన్నారు మాస్టారు ఇవాళ కూడా, అక్కడికి వచ్చేసరికి నా నోట్లోంచి కథ లాక్కుని.

అప్పుడు నేను నేల మీద పడి దొర్లాను నవ్వలేక. వదిన మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే కూర్చుని, అలవాటుగా వచ్చేవాళ్ళందరికీ బ్రౌజర్లో తలో ప్రొఫైల్ కట్టింది. మాస్టారికి గొడుగు బొమ్మ, దర్జీగారికి పిల్లి, నాకు కోతి, తనకి గుడ్లగూబ. ఎవరి గది వాళ్ళది. గొడుగు గదిలో లాగిన్ అయితే పిల్లి గదికి తెలీదు. పాస్‌వర్డులూ ఉత్తరాలూ పాత ఫారాలూ ఏ గదిలోవి ఆ గదిలోనే.

“ఒకటే నియమం కోతీ,” అంది అప్పుడు. “మనిషి ఎదురుగా ఉంటేనే వాళ్ళ గది తలుపు తియ్యాలి.”

నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

జూన్ 6, శుక్రవారం

తమాషాకే చేశాను.

జూన్ 9, సోమవారం

అన్నయ్య వదిన దగ్గర్నించి వచ్చాడు. రెండు వారాలకోసారి వెళ్తాడు, బస్సులో ఆరు గంటలు. మా అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. వాడి నోట్లోంచి మాట రావాలంటే మధ్య అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టుని దించినంత పని.

“ఎలా ఉంది?”

“ఉంది.”

“ఉందని నాకూ తెలుసు. ఎలా ఉంది?”

“బాగానే ఉంది. హాస్టల్లో లైబ్రరీకి కొత్త అలమారాలొచ్చాయి.”

“నా గురించేమైనా అడిగిందా?”

వాడు చెప్పుల వంక చూసుకున్నాడు. “గ్యాసు బండ మార్చావా అంది.”

“నన్నా?”

“నన్ను.”

వదిన ఇల్లొదిలి అక్కడికెందుకు పోయిందో నాకు తెలుసు, ఈ కాగితాలకి మాత్రం తెలీదు. రాసేస్తే బరువు తగ్గుతుందేమో.

మార్చిలో ఒకరోజు వదిన టీ పెట్టడానికి పైకెళ్ళింది. గుడ్లగూబ గది తెరిచే ఉంది. అంతలో ఒక ఉత్తరం వచ్చింది. లైబ్రరీలో ఉద్యోగం, మాట్లాడ్డానికి ఫలానా తారీఖున రండి అని. చదివాను. వదిన అప్లికేషన్ పెట్టిన సంగతే నాకు తెలీదు. ఆవిడ కుర్చీలో ఆవిడలాగే నిటారుగా కూర్చుని జవాబు కొట్టాను: “అయ్యా, నాకు మోకాళ్ళలో వాతం, తలలో చాదస్తం. పుస్తకం తెరిస్తే నిద్రొస్తుంది. మీ ఉద్యోగానికి పనికిరాను. పైగా మా ఆడపడుచుని వదిలి రాలేను.” పంపేశాను. టీ తాగాను.

నాలుగు రోజులకి వదిన ఆ జవాబు ప్రింటు తీసి కౌంటరు మీద పెట్టింది.

“ఇది నువ్వేనా?”

“తమాషాకి వదినా.”

“ఆ లైబ్రరీ మన వీధి చివరది కోతీ. ఉత్తరం పైన ఉన్నది హెడ్డాఫీసు అడ్రసు.”

అంతే. తిట్టలేదు. తిట్టుంటే బావుండేది, ఎదురు తిట్టేదాన్ని, సాయంత్రానికి ఇద్దరం కలిసి అన్నయ్యని తిట్టుకునేవాళ్ళం. పేరు కొట్టేశారట. వదిన వెళ్ళి బతిమాలినా, ఆ చోటు వేరేవాళ్ళకిచ్చేశారు. ఏప్రిల్లో ఆ హాస్టల్లో తాత్కాలికమని పిలిస్తే పెట్టె సర్దుకుంది. నడిచి వెళ్ళి వచ్చే ఉద్యోగం పోయి ఆరు గంటల దూరంది వచ్చింది.

జూన్ 10, మంగళవారం

బరువేం తగ్గలేదు.

జూన్ 12, గురువారం

దీన్ని నేను కనిపెట్టలేదు, అదే కనిపించింది. వదిన అక్కడ తన ఫోన్లో ఏ పేజీకైనా మళ్ళీ చూసుకోవడానికి నక్షత్రం గుర్తు పెట్టుకుంటే, ఇక్కడ షాపు కంప్యూటర్లో గుడ్లగూబ గదిలో కూడా పడుతుంది. రెండిట్లోనూ ఒకే లాగిన్ మరి. వెళ్ళేటప్పుడు ఇక్కడిది తీసెయ్యడం మర్చిపోయింది పాపం. ఉత్తరాలు చూడను. ఒట్టు. నక్షత్రాలు మాత్రమే చూస్తాను. కిటికీలోంచి కనిపించేదాన్ని చూడ్డం తప్పా?

ఈ వారం పడ్డవి:

గోడ మీద బల్లులు రాకుండా ఏం చెయ్యాలి.

చిరిగిన అట్టలకి జిగురు ఏది మంచిది.

నలుగురు తినే కూర పదిమందికి వండాలంటే ఉప్పు ఎంత.

మోకాలి నొప్పికి కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు.

బల్లి పేజీ చూసి చాలాసేపు నవ్వాను. ఇక్కడ ఉన్నప్పుడు ప్రింటరు ట్రేలో రబ్బరు బల్లి పెట్టేదాన్ని. కాగితంతో పాటు బల్లి బైటికొచ్చేది. వదిన ప్రతిసారీ కేకపెట్టేది. అది రబ్బరుదని ఏడోసారికే తెలిసిపోయుంటుంది. ఇరవయ్యోసారి కూడా కేకపెట్టింది. నాకోసం పెట్టేదేమో.

మోకాలి పేజీ చూశాక నవ్వు రాలేదు. వాతమని రాసింది నేనేగా. నా నోరు మండ.

జూన్ 14, శనివారం

మోకాలికి తొడుక్కునే పట్టీ ఒకటి కొన్నాను. సైజు ఎలా తెలుసంటే, మేమిద్దరం ఒకరి లంగాలు ఒకరం కట్టుకునేవాళ్ళం. వచ్చే శనివారం అన్నయ్య సంచీలో పెడతాను.

జూన్ 18, బుధవారం

దర్జీగారు వచ్చారు. లైసెన్సు కాగితం ప్రింటు కావాలన్నారు. పిల్లి గది తెరిచాను, తీశాను, ఇచ్చాను. ఆయన కదల్లేదు.

“ఇంకేం కావాలి?”

“ఏం లేదమ్మా. ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.”

“మరి నన్ను ఏడిపించట్లేదే! వచ్చి పది నిమిషాలైంది. పోయినేడు మీరు ఫోటోకి కళ్ళు మూసుకోమన్నారు, కొత్త రూలన్నారు. నేను మూసుకున్నాను కూడా. మా ఆవిడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.”

“ఆ రూలు తీసేశారు బాబాయ్.”

“వదినగారు ఎప్పుడొస్తారు?”

ప్రింటరులో కాగితం ఇరుక్కుందని వంగాను. ఇరుక్కోలేదు.

జూన్ 19, గురువారం

తొమ్మిది పదికి తెరిచాను. కొత్త నక్షత్రం లేదు.

జూన్ 20, శుక్రవారం

తొమ్మిది పది. లేదు.

షాపు తియ్యగానే ముందు గుడ్లగూబ, తర్వాతే మిగతా పన్లు. ఇదొక అలవాటైపోయింది, అంతకన్నా ఏం లేదు. కొందరు పొద్దున్నే పేపరు చూడరూ!

జూన్ 21, శనివారం

తొమ్మిది పది. పూలకుండీలో మట్టి గట్టిపడితే ఏం చెయ్యాలి అని ఒకటి.

కుండీ కొనుక్కుందన్నమాట. కుండీ కొన్నవాళ్ళు తిరిగి రారు. వస్తారేమో. కుండీ పట్టుకుని బస్సెక్కినవాళ్ళని నేను చూశాను.

జూన్ 23, సోమవారం

అన్నయ్య వచ్చాడు. ఈసారి వంటింట్లో వాడికి టీ ఇచ్చి, ఎదురుగా స్టూలు వేసుక్కూర్చున్నాను.

“పట్టీ ఇచ్చావా?”

“ఇచ్చా.”

“ఏమంది?”

“తొడుక్కుంది. ఇది నువ్వు కొన్నావా అని నన్నడిగింది.”

“నువ్వేమన్నావ్?”

“అవునన్నా.”

“నమ్మిందా?”

వాడు ఊదుకుంటూ రెండు గుక్కలు తాగాడు. “ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను కొన్న వస్తువు సరిగ్గా సరిపోవడం అదే మొదలు. ఎలా నమ్ముతుందే?” తర్వాత నా వంక తిరిగాడు. “అసలు మోకాలి నొప్పని నీకెవరు చెప్పారు? నాకే తెలీదు.”

“కల్లో కనిపించింది.”

“మోకాలా?”

నవ్వొచ్చింది. వాడూ నవ్వాడు. చాలా రోజులకి ఆ వంటింట్లో ఎవరో నవ్వారు. వదిన కుర్చీ మీద ఇప్పుడు ఉల్లిపాయల సంచీ పెడుతున్నాం. అన్నయ్య లేచి దాన్ని కిందకి దించాడు.

జూన్ 25, బుధవారం

ఉత్తరాలు చూడనని ఒట్టేశాను. చూడలేదు కూడా. ఉత్తరాల పేజీ నిన్న ఏదో నొక్కబోతే తెరుచుకుని ఉండిపోయింది, అది మూద్దామని వెళ్ళాను. అందులో అన్నిటికన్నా పైన ఒకటి, నల్లటి లావు అక్షరాల్లో. అంటే వదిన ఇంకా చదవలేదు.

దాని మొదటి వాక్యం చదవని ఉత్తరానికి కూడా బైటికి కనిపిస్తుంది. ‘మీ తాత్కాలిక ఉద్యోగాన్ని శాశ్వతం చేయడానికి సమ్మతమైతే శనివారం లోపు...’

అక్కడితో ఆగిపోయింది. నాకది చాలు.

శాశ్వతం.

మాస్టారు వచ్చి గొడుగు గది తియ్యమన్నారు. తీశాను. ఏం నింపానో తెలీదు. “అమ్మాయ్, నా పుట్టినరోజు రేపటి తారీఖు వేశావు,” అన్నారు. “చిన్నపిల్లాణ్ణయిపోతాను.” దిద్దాను.

రెండు మాటలు చాలు. ‘సమ్మతం లేదు.’ ఈసారి వాతం, చాదస్తం ఏం అక్కర్లేదు. మర్యాదగా, వదిన రాసినట్టే రాయగలను. పంపాక ఉత్తరం తీసెయ్యగలను, జవాబు కూడా తీసెయ్యగలను. అప్పుడది తెలియకే నాలుగు రోజులకి దొరికిపోయాను. ఇప్పుడు తెలుసు. శనివారం దాటిపోతుంది, వాళ్ళు ఇంకొకర్ని చూసుకుంటారు, వదిన పెట్టె సర్దుకుని ఇంటికొస్తుంది. పూలకుండీతో సహా.

తనకి మాత్రం ఇంటికి రావాలని ఉండదా? తనకోసమేగా.

జూన్ 26, గురువారం

తొమ్మిది పది. ఉత్తరం ఇంకా నల్లగానే ఉంది. ఎందుకు చదవదు? ఫోన్ పాడైందా?

జవాబు నొక్కాను. తెల్లటి పెట్టె తెరుచుకుంది. ‘అయ్యా’ అని కొట్టాను. నా చేతులు నావి కావన్నట్టు చూస్తూ కూర్చున్నాను. దర్జీగారి మనవరాలు గుమ్మంలో నిలబడి “అత్తమ్మా, బల్లి చూపించు” అంది. కెవ్వుమన్నాను. పిల్ల పక్కింటికి వినపడేలా నవ్వింది. నేనే ఉలిక్కిపడతానని ఈ జన్మలో అనుకోలేదు.

‘అయ్యా’ చెరిపేశాను.

జూన్ 27, శుక్రవారం

తమాషాకి చెయ్యలేదు.

ఇవాళ పొద్దున షాపు తీశాక, మనుషులెవరూ రాకముందే ఆ మాట గట్టిగా అన్నాను. నా చెవికి కూడా వినబడాలిగా. మార్చిలో ఆ ఉత్తరం మీద దూరపు ఊరి పేరు కనిపించింది. కింద ఏముందో చదవడానికి ఓపిక పట్టలేదు. ఆవిడ నన్నొదిలి వెళ్ళిపోతోందని అక్కడే తేల్చేసుకున్నాను. నాకు చెప్పకుండా అప్లికేషన్ పెట్టిందంటే, నన్ను వదిలించుకోవాలనే అనుకున్నాను. అందుకే రాశాను. పైన నాలుగు వెక్కిరింతలు చల్లాను, దొరికిపోతే తమాషా అందామని. అప్పుడే దాచుకునే చోటు చూసుకున్నానన్నమాట. అందరి గదులకీ తాళాలేసుకుంటూ, నేను మాత్రం తమాషా అనే గదిలో దూరి కూర్చున్నాను.

ఆవిడకి పుస్తకాలంటే ప్రాణం. పెళ్ళై మా ఇంటికొచ్చిన మొదటి సంవత్సరం, పొట్లం కట్టిన కాగితాలు కూడా విప్పి చదివి మడతపెట్టేది. డిగ్రీ చదివిన మనిషి, మా ఇంట్లో పదేళ్ళు పప్పు రుబ్బి, తర్వాత నా పక్కన ఫారాలు నింపింది. నాకు మౌసు పట్టుకోవడం నేర్పింది. నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి. ఉద్యోగం వస్తేగాని చెప్పకూడదనుకుందేమో. రాకపోతే ఏడిపిస్తానని. ఏడిపించేదాన్నే.

తొమ్మిది పదికి గుడ్లగూబ గది తెరిచాను. ఉత్తరం అలాగే ఉంది. నా చేతుల సంగతి నాకు తెలుసు. శనివారం దాకా వాటిని నమ్మలేను.

గది మూసి, బొమ్మలన్నీ వరసగా కనిపించే చోటికి వచ్చాను. గుడ్లగూబ మీద పెట్టి ‘తొలగించు’ నొక్కాను. ఈ కంప్యూటర్లోంచి అన్నీ పోతాయి, సరేనా అని అడిగింది. దానికున్న మర్యాద నాకు లేకపోయింది.

సరే అన్నాను.

గొడుగు, పిల్లి, కోతి. పక్కన ఏం లేదు.

జూన్ 28, శనివారం

తొమ్మిది పది అయింది. చెయ్యి అలవాటుకొద్దీ అక్కడికే పోయింది. గోడకి తగిలినట్టయింది.

పది కాకముందే ఫోన్ మోగింది. దర్జీగారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. పేరు చూశాను. ఎత్తాను.

“ఏమే, బతికే ఉన్నావా?”

“వదినా...”

“జ్వరమా? షాపు తియ్యలేదా?”

“తీశాను. నీకెలా...”

“రోజూ తొమ్మిది పదికి నా తలుపు తీస్తావుగా. నా ఫోన్లో ఎక్కడెక్కడ నా లాగిన్ ఉందో చూపిస్తుంది. షాపు కంప్యూటర్ ఎదురుగా పొద్దున్నే టైమొస్తుంది. ఆహా, మా కోతి లేచింది, షాపు తీసింది అనుకుని నేను లైబ్రరీ తాళం తీసేదాన్ని. ఇవాళ చూస్తే ఆ వరసే లేదు. నీకేమైనా అయిందేమోనని నాకు చేతులాడట్లేదు.”

కౌంటరు పట్టుకుని కూర్చున్నాను. రెండు నెలల్నించీ నేను కిటికీలోంచి చూస్తున్నాననుకున్నాను. అవతలివైపు కూడా మనిషి నిలబడి ఉంది.

“మరి నన్ను తిట్టలేదేం? తాళం మార్చుకోలేదేం?”

“మారిస్తే నాకెలా తెలుస్తుంది నీ సంగతి?”

దర్జీగారు “ఎవరమ్మా?” అన్నారు. చేత్తో నోరు మూసుకోమన్నాను. ఆయన నిజంగానే తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

“వదినా, ఒక ఉత్తరం వచ్చింది, చూశావా? ఇవాళే ఆఖరు.”

“బుధవారం పొద్దున్నే చూశాను. చదివి, మళ్ళీ చదవనట్టు పెట్టాను.”

“ఎందుకు?”

“నీకోసమే.”

“నేను జవాబు రాస్తాననా?”

“రాస్తావనే అనుకున్నాను. రాస్తే ఇక నీ ముఖం చూడకూడదనుకున్నాను.” అటు గోల చేస్తున్న పిల్లల్ని బైటికి పంపింది. “ఎందుకు రాయలేదే?”

“నువ్వు ఎదురుగా లేవుగా.”

ముక్కు చీదిన చప్పుడైంది. జలుబేమో.

“వదినా, మార్చిలో రాసింది తమాషాకి కాదు.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“తమాషాకైతే చివరిదాకా నవ్వొచ్చేలా రాస్తావు. ఆ ఆఖరి ముక్క నవ్వొచ్చేలా లేదు.”

ఏ ముక్కో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

“మరి దీనికేం రాస్తావు?” అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

“రాసేశాను. సమ్మతం అని.”

బావుంది వదినా అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. దర్జీగారు నోటి మీది చెయ్యి తీసి, జేబులోంచి రుమాలు తీసి నా ముందు పెట్టారు.

“నెలకి రెండు శనివారాలు సెలవు,” అంటోంది వదిన. “ఇక మీ అన్నయ్య రానక్కర్లేదు, నేనే వస్తాను. నా గది నాకు మళ్ళీ కట్టు. లాగిన్ మాత్రం నేనొచ్చి నా చేత్తో వేసుకుంటాను. విన్నావా? పట్టీ సరిగ్గా సరిపోయింది.”

జూలై 1, మంగళవారం

గది కట్టాను. పేరు అడిగింది, ‘వదిన’ అని కొట్టాను. బొమ్మ గుడ్లగూబే. లోపల ఏమీ లేదు. నక్షత్రాల్లేవు, ఉత్తరాల్లేవు, అద్దెకివ్వడానికి సున్నం వేసిన గదిలా ఉంది. కోతి పక్కనే వచ్చింది.

ఉల్లిపాయల సంచీ గోడవారన ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. అన్నయ్య క్యాలెండర్లో వదిన వచ్చే పన్నెండో తారీఖు చుట్టూ గీత గీశాడు. నేను రబ్బరు బల్లిని కడిగి ప్రింటరు ట్రేలో పెట్టాను.

తొమ్మిది పదికి గుడ్లగూబ తలుపు తెరవబోయి ఆగాను. తెరిచినా ఆవిడకి ఇక తెలీదు. ఫోన్ తీసి మిస్డ్ కాల్ ఇచ్చాను. మూడోసారి మోగుతుండగా అటునుంచి కట్ చేసేసింది.

లైబ్రరీ తాళం తీస్తూ ఉంటుంది.